బుర్ర ముందు, వేళ్లు వెనక

పాపకు నాలుగేళ్లు నిండాయో లేదో, లిఫ్టులో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "ఏ స్కూల్లో వేశారు?" ఇంట్లోనే చదువు చెప్పుకుంటున్నామంటే ఎగాదిగా చూసి, "అంత తెలివైన పిల్లని ఇంట్లో కూర్చోబెట్టడమేంటండీ?" అంటారు. తెలివైనది కాబట్టే ఇంట్లో ఉంచాం. అయితే ఆ మాటకు అర్థం చెప్పేలోపు మా అంతస్తు వచ్చేస్తుంది. అందుకే ఈ వారం ఇక్కడ రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. చాలామందికి భయం అక్కడే. 2009 నాటి విద్యాహక్కు చట్టం వర్తించేది ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ఒకటో తరగతి వయసు ఆరేళ్లు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలే అక్కర్లేదని 2022లో కేంద్రం తెచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక కూడా అంది. కాబట్టి ఎల్‌కేజీకి పంపకపోతే నిలదీసేది చుట్టాలే గానీ సర్కారు కాదు.

మా పాప ఆర్టీసీ బస్సుల బోర్డులు చదివేస్తుంది. మెహిదీపట్నం, దిల్‌సుఖ్‌నగర్ ఆమెకు నోటికొచ్చిన మాటలు కావు, కూడబలుక్కుని చదువుకున్నవి. అదే పిల్ల చేతికి పెన్సిలిస్తే 'అ' మెలిక తిరగదు. గౌనుకు గుండీ పెట్టుకోలేదు. అరటిపండు ఒలిచేటప్పుడు మధ్యకు విరిగిందంటే, మళ్లీ అతికించమని ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది. చదివే బుర్రకు ఆరేళ్లు, వేళ్లకు నాలుగు, ఏడుపుకు రెండు. చురుకైన పిల్లలున్న ఇళ్లలో తరచూ జరిగేదేమిటంటే, ఆ ఆరేళ్ల బుర్రను చూసి మురిసి రెండో తరగతి పుస్తకాలు తెచ్చిపడేస్తారు. వేళ్ల సంగతి, ఏడుపు సంగతి ఎవరికీ పట్టదు. నా అనుభవంలో ఇంటిచదువు మొదలుపెట్టాల్సింది వెనకబడిన ఆ రెండింటి దగ్గరే.

తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలూ మెలికలే. చిన్న చేతికి అది బరువైన పని. కాపీ పుస్తకం తెరవకముందు మా పాప చిక్కుడుకాయలకు ఈనెలు తీసింది, బఠాణీలు ఒలిచింది, చపాతీ పిండి పిసికింది, కనకాంబరాలు మాల కట్టబోయి దారం చిక్కులు వేసింది. వంటింట్లో పని రెట్టింపవుతుంది, అది వేరే సంగతి. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి వేలితో రాయిస్తాం కదా, చాలా ఇళ్లలో ఆ బియ్యం సాయంత్రానికి డబ్బాలోకి వెళ్లిపోతుంది. మేం పళ్లెం అలాగే ఉంచేశాం. మాంటిస్సోరి చేసిందీ ఇంచుమించు ఇదే. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టకు అంటించి, పెన్సిలు పట్టకముందే పిల్లల వేళ్లను వాటి మీద నడిపించేది. వృత్తికి డాక్టరు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం ముగిసేదాకా మన దేశంలోనే ఉండి ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఆమెకన్నా నాకు ధైర్యమిచ్చింది మాత్రం గిజుభాయి. గుజరాత్‌లో వకీలు. కొడుకు పుట్టాక వాణ్ని ఎలా పెంచాలన్న ఆలోచనతో మాంటిస్సోరి పద్ధతి గురించి చదివి, చివరికి వకాలతు మానేసి 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచాడు. ఆయన కూడా ఇంట్లో ఉన్న ఒక్క పిల్లాడి దగ్గరే మొదలుపెట్టాడన్నమాట.

లెక్కల శాఖ మా అత్తయ్యది. నిజానికి ఆవిడకు ఇంటిచదువు మీద నమ్మకం లేదు. ఎవరైనా ఇంటికొస్తే పాపను నిలబెట్టి "రాజధానులు చెప్పమ్మా" అనడం ఆవిడకు సరదా. ఆ ముచ్చట మాన్పించడానికి నేనెత్తిన గొంతు పనిచెయ్యలేదు గానీ వామనగుంటల పీట పనిచేసింది. పద్నాలుగు గుంటలు, గుంటకు ఐదేసి చొప్పున డెబ్బై చింతగింజలు. గుంటలోవి చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే పంచుకుంటూ పోవాలి. మొదట్లో పాప లెక్కపెట్టుకుంటూ వేసేది. కొన్నాళ్లకు, గింజలు తియ్యకముందే చివరిది ఏ గుంటలో పడుతుందో వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది. "ఇది నన్నే ఓడిస్తోందే!" అని అత్తయ్య ఫిర్యాదు. ఇప్పుడు వచ్చినవాళ్లకు రాజధానులకు బదులు ఈ ఫిర్యాదు వినిపిస్తోంది.

రోజుకు ఎంతసేపు చదివిస్తారని అడుగుతారు. కూర్చుని చేసేది అరగంట, అదీ పాపకు కుదిరితే. టైంటేబుల్ గోడకు అంటించి, గంట కొట్టి, ఇంటినే బడి చేస్తే ఆ సంబరానికి బడే నయం. మిగతా రోజంతా ప్రశ్నలే. బల్లి తోక తెగినా ఎందుకు ఆడుతోంది? కుక్కర్ ఎందుకు అరుస్తుంది? నాకు తెలియనివి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఆదివారం వాళ్ల నాన్నకు ఆ పుస్తకం అప్పగిస్తాను.

పైకి ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. పిల్లకు ఇంట్లో చదువంటే పెద్దల్లో ఒకరు ఇంటిపట్టున ఉండాలి. ఆ ఒకరు మన ఇళ్లలో అమ్మే అవుతుంది. నేను సగం జీతానికి సగం పని ఒప్పుకున్నాను, పక్కన అత్తయ్య ఉంది. ఈ రెండూ లేనివాళ్లకు ఇంటిచదువు గొప్పది, మొదలుపెట్టండి అని చెప్పడానికి నాకు నోరు రాదు. ఇక తోటిపిల్లలు. చదివే బుర్ర ఎంత ముందున్నా జారుడుబల్ల దగ్గర వంతు కోసం ఆగడం ఇంట్లో రాదు. సాయంత్రాలు పార్కు మాకు తప్పనిసరి, వానొస్తే సెల్లారు.

ఆరేళ్లు నిండాక ఏంటన్నది ఇంకా తేల్చుకోలేదు. సార్వత్రిక విద్యాపీఠం, అదే ఎన్ఐఓఎస్, చిన్న తరగతులకు మూడు, ఐదు, ఎనిమిది స్థాయిల్లో పరీక్షలు పెడుతుంది. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి రాయొచ్చు. మా వీధి చివర చిన్న బడి కూడా ఉంది, టీచరమ్మ నెమ్మదస్తురాలు. అప్పటికి పాపను కూడా అడుగుదామని మా ఆయన అంటాడు. ఇప్పుడే అడిగి చూశాం. బస్సు పసుపురంగుదైతే వెళ్తుందట.