గరార్డ్ 301 అమ్మాలంటే

ఇంగ్లండులోని స్విండన్ కంపెనీ గరార్డ్ 1954లో తెచ్చిన 301 టర్న్‌టేబుల్ ఇవాళ్టికీ తిరుగుతోందంటే, ఆ ఘనతలో సగం మెకానిక్‌దే. మోటారు కప్పీకీ పళ్లేనికీ మధ్య ఒక రబ్బరు చక్రం ఉంటుంది. అది గట్టిపడితే పాట వెనక గుర్రుమని చప్పుడొస్తుంది. మెకానిక్ బేరింగు విప్పి పాత గ్రీజు తుడుస్తాడు, దానికి జతగా ఉన్న ఆంప్లిఫయర్‌లో ఎండిపోయిన కెపాసిటర్లు మారుస్తాడు. స్పీకరు కోను చుట్టూ పొడిపొడిగా రాలిపోయిన ఫోము తీసి కొత్తది అతికించేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టి చూడాలి. కోను వెంట్రుకవాసి పక్కకి జరిగినా లోపలి కాయిల్ రాసుకుంటుంది. అంత ఓపికున్న చేతులంటే నాకు గొప్ప గౌరవం.

ఇలాంటి పాత ఆడియో పరికరాల సేకరణ అమ్మేవాళ్లకి ఈ మెకానిక్ విలువ బాగా తెలుస్తుంది. మొత్తం ఒకేసారి కొనేవాళ్లు అరుదు. వచ్చినవాళ్లు మేలిమివి ఏరుకుపోతారు, బరువైన స్పీకర్లు గదిలోనే మిగులుతాయి. టర్న్‌టేబుల్‌ని దూరం పంపాలంటే పళ్లెం తీసి విడిగా చుట్టాలి, టోన్‌ఆర్మ్ కదలకుండా కట్టాలి. అన్నిటికంటే కష్టం, కొనేవాళ్లకి నమ్మకం కలిగించడం. ఏ భాగం ఎప్పుడు మార్చాడో మెకానిక్ రాసిచ్చిన చీటీ అక్కడ అక్కరకొస్తుంది. తీసేసిన పాత భాగాలు కూడా అడిగి దాచుకోండి, కొందరు వాటినీ అడుగుతారు.