యాంటీబాడీ దొరికితే దోషి దొరికినట్టేనా?

మల్టిపుల్ స్క్లెరోసిస్ గుట్టు రట్టయిందని ఎక్కడైనా చదివితే వెంటనే సంబరపడకండి. ముందు ఒక ప్రశ్న వేయండి: వేరే ప్రయోగశాలలోనూ అదే ఫలితం వచ్చిందా?

ఈ వ్యాధిలో మన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాములలోని నాడీతంతువుల మయలిన్ తొడుగును దెబ్బతీస్తుంది. రోగుల మెదడు-వెన్నుపాము ద్రవంలో యాంటీబాడీలు ఎక్కువగా ఉంటాయని 1942 నుంచీ తెలుసు. అవి దేన్ని గురిపెట్టి తయారయ్యాయన్నదే చిక్కుముడి.

2012లో జర్మనీలోని మ్యూనిక్ శాస్త్రజ్ఞులు ఆ ముడి విప్పామన్నారు. గ్లియల్ కణాల పొరలో పొటాషియం అయాన్లకు దారిచ్చే కెఐఆర్ 4.1 అనే ప్రోటీనే లక్ష్యమని వారి వాదన. 397 మంది రోగులలో 186 మందికి దానిపై యాంటీబాడీలు కనిపించాయి. ఇతర నాడీ వ్యాధులున్న 329 మందిలో ముగ్గురికే ఉన్నాయి. 59 మంది ఆరోగ్యవంతులలో ఒక్కరికీ లేవు.

అంకెలు ఆకట్టుకునేవే. పోలిక కోసం అంతమందిని తీసుకోవడమూ మెచ్చదగినదే. కానీ 2014లో అమెరికా పరిశోధకులు వెతికితే ఆ యాంటీబాడీలు నూటికి ఒక్క రోగిలోనే కనిపించాయి. వ్యాధి లేనివారిలోనూ అంతే! పరీక్ష కోసం కణం నుంచి విడదీసిన ప్రోటీను, కణపు పొరలో ఉన్నప్పటి ఆకారాన్ని కోల్పోవచ్చు. అలాంటప్పుడు యాంటీబాడీ దేనికి అతుక్కుందో చెప్పడం కష్టం.

ఆక్వాపోరిన్-4 కథ వేరు. న్యూరోమైలైటిస్ ఆప్టికా అనే వ్యాధిని ఒకప్పుడు మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఒక రకమనుకునేవారు. 2004లో ఆ రోగుల రక్తంలో ప్రత్యేక యాంటీబాడీ దొరికింది. దాని లక్ష్యం ఆక్వాపోరిన్-4 అని 2005లో తేలింది. ఎన్నో ప్రయోగశాలలు దాన్ని ధ్రువపరిచాయి. మెదడులో అప్పటికే వాపు ఉన్న ఎలుకలకు ఆ యాంటీబాడీని ఎక్కిస్తే అలాంటి గాయాలే ఏర్పడ్డాయి. ఇది రోగుల బతుకుకు సంబంధించిన సంగతి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు ఇచ్చే బీటా ఇంటర్‌ఫెరాన్ ఈ వ్యాధిని ముదరబెట్టగలదు.

మరో చిక్కు చూడండి. రిటుక్సిమాబ్ మందు బి-కణాలను తొలగిస్తుంది. 2008 నాటి పరీక్షలో దానివల్ల మెదడులో కొత్త గాయాలు బాగా తగ్గాయి. కానీ యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాల జోలికి ఆ మందు పోదు. అంటే బి-కణాలు చేసే కీడు యాంటీబాడీల ద్వారానే కాకపోవచ్చు!

2022లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ ప్రోటీనుకూ, మెదడులోని గ్లియల్‌క్యామ్‌కూ ఒకే యాంటీబాడీ అతుక్కుంటుందని మరో బృందం చూపింది. ఆసక్తికరమైన ఆధారమే. అయినా మ్యూనిక్ ఫలితాన్ని పరీక్షించిన గీటురాయి మీదే దీన్నీ గీసి చూడండి.

దొంగతనం జరిగిన ఇంట్లో కనిపించిన ప్రతివాడూ దొంగ కాడు కదా!