చలనం గడ్డకట్టిన నేల

కరీంనగర్ గుట్టల్లో పుట్టిన గోధుమవన్నె గ్రానైట్ పలకను ఏటవాలు ఎండలో నిలబెట్టి చూడండి. లోకం దాన్ని ‘టాన్ బ్రౌన్’ అని పిలుచుకుని, ఓడల మీద తెప్పించుకుని, ఇళ్లలో నేలగా, వంటగదిలో గట్టుగా పరుచుకుంటోంది. నునుపు తేలిన ఆ నల్లని ఒంటి మీద ఎర్రగోధుమ ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు గుండ్రగుండ్రంగా, ఒకదానినొకటి ఒరుసుకుంటూ, పాకంలో ఇంకా కరగని బెల్లపు గడ్డల్లా తేలుతుంటాయి. వాటి నడుమ నీలి బూడిద ఛాయతో పలుగురాయి, అక్కడక్కడ అభ్రకపు తళుకు. తల కాస్త వంచితే ఒక స్ఫటికం ముఖం వెలుగుతుంది. మరి కాస్త వంచితే అది ఆరి, పక్కది వెలుగుతుంది. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి కడుపులో మరిగిన ద్రవం తొందరపడకుండా, విలంబకాలంలో, స్వరం మీద స్వరం నిలుపుకుంటూ చల్లారింది కాబట్టే ఇంతింత స్ఫటికాలు విచ్చుకున్నాయి. చల్లారడం కూడా ఒక ఆలాపనే! ఆ ఆలాపన మన అరచేతి కింద చల్లగా, నున్నగా, నిండుగా తగులుతుంది.

ఉత్తర తెలంగాణ రాళ్లలో నన్ను కట్టిపడేసేది ఈ ఆగిన కదలికే. ఇక్కడ ఒకప్పుడు నిప్పు పారింది, సముద్రం ఊగింది, అడవి గాలికి తలలూపింది. మూడూ తమ తమ నడకను రాతికి అప్పగించి ఆగిపోయాయి. నడక మాత్రం రాతిలో చెరగలేదు.

సముద్రాన్ని చూడాలంటే ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వైపు వెళ్లాలి. అక్కడి సున్నపురాయి పొర మీద పొరగా, పలక మీద పలకగా, ఒకచోట బూడిదవన్నెలో, ఒకచోట లేత గులాబీలో, ఇంకొకచోట నల్లగా పరుచుకుని ఉంటుంది. దాదాపు నూరు కోట్ల ఏళ్ల నాటి సాగరగర్భంలో, తుఫాను అల కూడా అందని లోతులో, మెత్తని సున్నపు బురద నిదానంగా పేరుకున్న గుర్తులివి. గూడ, ఘోట్కూరి ఊళ్ల దగ్గర ఆ పొరల మధ్యకే మాంగనీసు వచ్చి చేరింది. లేత రాతి నడుమ ఉక్కువన్నె నలుపు! ముట్టుకుంటే వేలికి మసి అంటుతుంది, విరిస్తే లోపల లోహపు మెరుపు కళ్లు తెరుస్తుంది. ఆ పక్కనే, 6 కోట్ల ఏళ్లు దాటిన లావా పొరలు అరిగి అరిగి నల్లరేగడి అయ్యాయి. నిప్పు నుంచి రాయి, రాయి నుంచి రేగడి, రేగడి నుంచి తెల్లని పత్తి. ఎంత అందమైన వరుస! ఆదిలాబాద్ చేలు పగిలిన పత్తికాయలతో మెరిసే నెలల్లో ఈ వరుస కంటి ముందే నిలుస్తుంది.

ఇక అడవి. గోదావరి వెంట గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి బొగ్గు బాయిలలో ఉన్నది పాతిక కోట్ల ఏళ్లు పైబడిన వనం. అప్పుడే తవ్విన బొగ్గు పెళ్లను వెలుతురులో తిప్పి చూడండి. ఒక పొర గాజులా మెరుస్తుంది, దాని కిందిది మసకగా మౌనం పాటిస్తుంది, మళ్లీ మెరుపు, మళ్లీ మసక. నలుపులో ఇన్ని నలుపులుంటాయని బొగ్గే చెప్పాలి! బొగ్గు పొరల నడుమ ఉండే మట్టిరాయిని చీలిస్తే ఒక్కొక్కసారి గ్లోసాప్టెరిస్ ఆకు ముద్ర బయటపడుతుంది. నాలుకలా సాగిన ఆకు, నడుమ ఈనె, దాని నుంచి వలలా అల్లుకున్న సన్నని నాళాలు. గోండ్వానా మహాఖండం మీద వెలుగు తాగిన ఆకు అది. అది దాచుకున్న ఎండే నేడు రామగుండంలో కరెంటు దీపమై వెలుగుతోంది. ఆ ఎండను పైకి తేవడానికి చీకట్లోకి దిగే బాయి కార్మికుడికి ఈ సౌందర్యంలో మొదటి వాటా ఉంది.

చివరగా ఇనుము. ఇక్కడ రాతిలో ఆగినదాన్ని మనిషి చేయి మళ్లీ కదిలించింది. నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి ఇనుపరాయి పొరుగు జిల్లా కోనసముద్రం కొలిమికి చేరేది. మట్టి మూసలో మూతపెట్టి, కట్టెబొగ్గు నిప్పుల మధ్య ఊది, నిదానంగా చల్లార్చి ఉక్కు తీసేవారు. లాంబ్టన్ నడిపిన భూసర్వే బృందంలో వైద్యుడూ భూగర్భవేత్తా అయిన హెన్రీ వోయిసీ 1820ల ప్రాంతంలో ఆ కొలుములను చూశాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు అక్కడే ఉండి ఉక్కు కొనడాన్నీ రాసిపెట్టాడు. ఆ జాతి ఉక్కుతో సాగదీసిన కత్తి మీద నీటి అలలు తేలేవి. నల్లని బరువైన రాయి, సమ్మెట దెబ్బల కింద, నదిలా అలలు పోయింది! ప్రకృతి ఆపిన నడకను ఊరి కమ్మరి కొనసాగించాడు. ఈ నేల కళల్లో ఇంతకు మించిన ఘట్టాన్ని నేనెరుగను.

ఇంతటి సంపదను పలకలుగా, టన్నులుగా మాత్రమే లెక్కగడితే మనసు చివుక్కుమంటుంది. కోసిన పలకలో రంగు కనిపిస్తుంది. గుట్ట మీద నిలబడితేనే ఆ రంగు ఎంత లోతు నుంచి లేచిందో, ఆ గుట్ట ఎన్ని వానలకు గుండ్రబడిందో తెలుస్తుంది. క్వారీ ఉన్న ప్రతి చోటా ఒక గుట్టనైనా రంపం తాకకుండా మిగల్చాలి. ప్రతి బడిలోనూ ఒక బొగ్గు పెళ్ల, ఒక ఆకు ముద్ర, ఒక మాంగనీసు రాయి పిల్లల చేతికందే ఎత్తున ఉండాలి. పుట్టిన నేలను వేళ్లతో తడిమి తెలుసుకున్న పిల్లలకు గుట్టలను ఎందుకు కాపాడుకోవాలో వేరే పాఠం చెప్పనక్కర్లేదు.