మంట పెట్టకుండా బోల్టు తీయడం

తల అరిగిపోయిన బోల్టు ఊరి రోడ్డు మీద వెల్డింగ్ షాపులో దొరికితే దాని ఆయుష్షు రెండు నిమిషాలే. గ్యాస్ మంట పెడతారు, నట్టు ఎర్రబడుతుంది, పైప్ రెంచ్ పట్టి తిప్పితే వచ్చేస్తుంది. రాకపోతే గ్రైండర్‌తో కోసి పారేస్తారు. అదే బోల్టు జిన్నారం పక్కన గడ్డపోతారంలోనో ఖాజీపల్లిలోనో ఒక మందుల కంపెనీ రియాక్టర్ మీద ఉంటే కథ వేరు. అక్కడ మంట కుదరదు, గ్రైండర్ కుదరదు. కొన్ని చోట్ల సుత్తి కూడా కుదరదు.

కారణం ఆ రియాక్టర్లలో వాడే ద్రావకాలు. మిథనాల్ 11 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి వదులుతుంది. టోలూయిన్‌కు 4 డిగ్రీలు చాలు. అసిటోన్ అయితే సున్నాకు 20 డిగ్రీల దిగువన కూడా ఆ పని చేస్తుంది. అంటే సంగారెడ్డి జిల్లాలో ఏడాదిలో చాలావరకు వాటికి తక్కువ పడేది నిప్పురవ్వ ఒక్కటే. అందుకే మంటతో పని పెట్టుకుంటే హాట్ వర్క్ పర్మిట్ కావాలి. లైన్లు ఖాళీ చేయాలి, నైట్రోజన్‌తో తోలాలి, గ్యాస్ డిటెక్టర్ పెట్టి చూడాలి, సేఫ్టీ ఆఫీసర్ సంతకం పడాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి కర్మాగారంలో జరిగిన పేలుడు నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. దానికీ బోల్టుకీ సంబంధం లేదు గానీ, ఒక్క బోల్టు కోసం ఇంత తతంగమా అని ఈ పారిశ్రామిక బెల్టులో ఎవరైనా విసుక్కుంటే ఆ తేదీ గుర్తు చేయాల్సి వస్తుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. నిప్పురవ్వలు రాకుండా బెరీలియం కాపర్, అల్యూమినియం బ్రాంజ్ లాంటి లోహాలతో చేసిన పానాలు ఇస్తారు. అవి ఉక్కు కన్నా మెత్తన. నాలుగు షట్‌డౌన్లు చూసేసరికి పానా నోరు తెరుచుకుంటుంది. నోరు తెరుచుకున్న పానా బోల్టు మీద జారుతుంది, జారినప్పుడల్లా మూల కొంచెం కొంచెం తినేస్తుంది. రవ్వ రాకూడదని ఇచ్చిన పనిముట్టే చివరికి బోల్టు తలను గుండ్రం చేస్తుంది.

ఇక సుత్తి సంగతి. ఈ కంపెనీల్లో ఆసిడ్ పని చేసే రియాక్టర్లు చాలావరకు గ్లాస్ లైన్డ్. ఉక్కు పాత్ర లోపల ఒకటి, రెండు మిల్లీమీటర్ల మందాన గాజు పూత ఉంటుంది. దాన్ని కొలిమిలో దాదాపు 800 డిగ్రీల వేడిలో కరిగించి అతికిస్తారు. బయట ఫ్లాంజ్ మీద పట్టేసిన నట్టును గట్టిగా ఒక దెబ్బ కొడితే బయట ఏమీ కనపడదు. లోపల మాత్రం ఆ చోట గాజు పెచ్చు లేచిపోవచ్చు. ఆ పెచ్చు కింద ఉక్కు బయటపడిందంటే హైడ్రోక్లోరిక్ ఆసిడ్ దాన్ని రోజుల్లో తినేస్తుంది. తర్వాత స్పార్క్ టెస్టర్‌తో లోపలంతా తడిమి పగుళ్లు వెతకాలి, దొరికిన చోట టాంటలం ప్లగ్ వేయాలి. ఇదంతా ఒక పది రూపాయల బోల్టు కోసం.

ఈ కాలమ్ రాసే మనిషి నమ్మేది ఇక్కడే ఉంది. పాడైన బోల్టు తీయడంలో అసలు పనితనం దాన్ని కాపాడటంలో లేదు, ఎంత త్వరగా దాని మీద ఆశ వదులుకుంటామో అందులో ఉంది. చుట్టుపక్కల సామాను పాడయ్యేది సాధారణంగా మొదటి ప్రయత్నంలో కాదు. పానా ఒకసారి జారింది కదా, ఈసారి ఇంకొంచెం బలంగా తిప్పుదాం అనుకునే రెండో, మూడో ప్రయత్నాల్లో.

బోల్టు ఎందుకు అంత మొండికేస్తుందో ఇంజినీర్ల లెక్క ఒకటి ఉంది. బిగించేటప్పుడు మనం పెట్టే బలంలో సుమారు సగం తల కింది రాపిడికే పోతుంది. ఇంకో 40 శాతం మరల మధ్య రాపిడికి పోతుంది. నిజంగా బోల్టును సాగదీసి బిగువుగా ఉంచేది మిగిలిన 10 శాతమే. తుప్పు పట్టిందంటే ఆ 90 శాతం వాటా ఇంకా పెరుగుతుంది. కాబట్టి విప్పేవాడు కొట్లాడాల్సింది రాపిడితో. డీజిలో, కిరోసినో, డబ్బా స్ప్రేనో పోసి రాత్రంతా నానబెట్టడం అందుకే. పొద్దున వచ్చాక ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క వెంట్రుకంత తిప్పి చూస్తారు. తుప్పు పొర ఎటు కదిలినా పగులుతుంది. ఆ తర్వాత ముందుకు పావు చుట్టు, వెనక్కి పావు చుట్టు. పన్నెండు పళ్ల రింగ్ పానా మూలల్నే పడుతుంది గనుక దాన్ని పక్కన పెట్టి, చదునైన వైపుల్ని పట్టే ఆరు పలకల సాకెట్ తొడుగుతారు.

స్టీలు బోల్టులైతే నానబెట్టినా లాభం ఉండకపోవచ్చు. మందుల కంపెనీల్లో 304, 316 గ్రేడ్ల స్టెయిన్‌లెస్ ఎక్కువ. తుప్పు రాదని దానికి పేరు. నిజమే, ఆ పేరు దాని పైనున్న క్రోమియం ఆక్సైడ్ పొర వల్ల వచ్చింది. బిగించే తొందరలో గన్‌తో గిరగిరా తిప్పితే ఆ పొర మరల మధ్య రాసుకుని లేచిపోతుంది. అడుగున ఉన్న లోహం లోహంతో అతుక్కుపోతుంది. ఫిట్టర్లు దీన్ని ‘పట్టేసింది’ అంటారు. అలా పట్టేసిన నట్టును బలంతో తిప్పితే ఊడదు, బోల్టే మధ్యకు విరుగుతుంది. దానికి సరైన మందు నట్టును బలి ఇవ్వడమే. నట్ స్ప్లిటర్ అని ఒక పనిముట్టు ఉంది. ఉలి లాంటి మొనను స్క్రూ తోనో, హైడ్రాలిక్ తోనో నెమ్మదిగా నట్టు పక్కలోకి దింపి చీలుస్తుంది. మంట లేదు, దెబ్బ లేదు. అది లేని చోట హాక్సా బ్లేడు, నూనె, ఓపిక.

వేడి ఎంత గొప్ప సాయమో చూడాలంటే జిన్నారం నుంచి రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ వైపు రావాలి. 1960ల నుంచి టర్బైన్లు తయారవుతున్న చోటు అది. పెద్ద ఆవిరి టర్బైన్ల మీద గుండ్రటి దూలాల్లాంటి స్టడ్లుంటాయి. వాటి మధ్యలో నిలువునా రంధ్రం ఉంటుంది. అందులో హీటర్ కడ్డీ దింపుతారు. మీటరు పొడవు ఉక్కు స్టడ్ 200 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. బిగువు పోయిన నట్టు పెద్ద బలం లేకుండానే తిరిగిపోతుంది. ఇంత అందమైన ఉపాయం ద్రావకాల మధ్య పని చేసేవాళ్లకు దక్కదు, పాపం.

చిన్న స్క్రూల దగ్గర తప్పు ఇంకో రకం. 1985లో మన దేశంలోకి వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 బళ్లు ఈ ప్రాంతంలో ఇప్పటికీ కొన్ని తిరుగుతున్నాయి. వాటి ఇంజిన్ పక్క మూతల మీద ప్లస్ గుర్తు స్క్రూలుంటాయి. అవి చూడటానికి 1930లలో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేరు మీద వచ్చిన ఫిలిప్స్ స్క్రూల్లాగే ఉంటాయి గానీ జపాన్ కొలత వేరు. ఫిలిప్స్ డ్రైవర్ మొన వాటి అడుగుదాకా దిగదు, కాస్త బలం పడగానే పైకి జారి గాడిని గీకేస్తుంది. కొన్నిటి తల మీద చిన్న చుక్క ఉంటుంది, జపాన్ కొలతకు అదే ఆనవాలు. అల్యూమినియం మూతలో ఉక్కు స్క్రూ ఏళ్ల తరబడి ఉంటే రెండు లోహాల మధ్య వాన నీళ్లు చేరి పట్టేస్తుంది కూడా. ఇక్కడ సుత్తి పనికొస్తుంది, ఇంపాక్ట్ డ్రైవర్‌తో. వెనక నుంచి కొడితే లోపలి వాలు గాడి ఆ దెబ్బను మలుపుగా మారుస్తుంది. పైనుంచి పడే ఒత్తిడి మొనను గాడిలోంచి లేవనీయదు. మూతను వేణ్నీళ్లతో వెచ్చబెడితే ఇంకా మంచిది, అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది.

అలెన్ బోల్టుల్లో సగం గొడవ స్టోర్సులోనే పుడుతుంది. 5 మిల్లీమీటర్ల కీ పెట్టాల్సిన చోట అంగుళాల సెట్టులోని 3/16 కీ దూరిపోతుంది. అది 4.76 మిల్లీమీటర్లే. ఆ పావు మిల్లీమీటరు ఖాళీ లోపలి మూలలన్నిటినీ మింగేస్తుంది.

ఏదీ కుదరనప్పుడు డ్రిల్లు. స్టెయిన్‌లెస్ మీద స్పీడు పెంచి పైపైన రాపితే అది ఇంకా గట్టిపడుతుంది. నెమ్మది స్పీడు, గట్టి ఒత్తిడి, కోబాల్ట్ బిట్టు కావాలి. సెంటర్ పంచ్ సరిగ్గా నడిమధ్య పడాలి. ఎం8 బోల్టుకు 6.8 మిల్లీమీటర్ల బిట్టుదాకా వెళ్లొచ్చు, దాటితే మరలు పోతాయి. ఎక్స్‌ట్రాక్టర్ మాత్రం జూదం. అది గట్టి ఉక్కు, కానీ పెళుసు. లోపల విరిగిందంటే మామూలు బిట్టు దాన్ని గీయలేదు, విడిభాగాన్ని మోసుకుని స్పార్క్ ఎరోజన్ మెషీన్ ఉన్న చోటికి, అంటే బాలానగర్ వైపు పోవాలి. 1968లో అక్కడే కేంద్ర టూల్ డిజైన్ సంస్థ పెట్టారు, దాని చుట్టూ టూల్ రూములు పెరిగాయి.

ఇన్ని కష్టాలు పడి తీసిన చోట కొత్త బోల్టును మళ్లీ పొడిగానే బిగించడం మాత్రం అర్థం కాదు. యాంటీ సీజ్ పేస్టు కోసం ఇండెంట్ రాస్తే స్టోర్సు నుంచి వచ్చే జవాబు చాలా చోట్ల ఒకటే, గ్రీజు ఉంది కదా అని. మామూలు గ్రీజు 200 డిగ్రీలు దాటితే మాడి పొడవుతుంది. రాగి పేస్టు, నికెల్ పేస్టు అంతకు ఎన్నో రెట్ల వేడి తట్టుకుంటాయి. అయితే మందు తగిలే వైపు రాగి, నికెల్ పొడి చేరకూడదు, అక్కడ లోహం కలవని తెల్ల పేస్టే వాడాలి. ఇండెంట్‌లో ఆ తేడా రాయకపోతే స్టోర్సు చౌకది పంపిస్తుంది, వచ్చింది ఏ ఫ్లాంజ్ మీద పూశారో తర్వాత క్వాలిటీ వాళ్లు అడుగుతారు.