కర్మ మంచిదా, చెడ్డదా? – సిర్పూర్ సాక్ష్యం

తెలుగు వాడుకలో ‘నా ఖర్మ’ అంటే దురదృష్టం. బౌద్ధ వారసత్వాన్ని వివరించే రచనలపైనా ఈ అర్థపు నీడ పడుతున్నది. కర్మను విధివ్రాతగా చదివే ఈ ధోరణి పురావస్తు సాక్ష్యం ముందు నిలవదు.

రాయపూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక సంగ్రహాలయం సిర్పూర్ కాంస్య ప్రతిమలకు నెలవు. ఆ ప్రతిమలలో కొన్నింటిపై ‘యే ధర్మా’ గాథ చెక్కి ఉంది. హేతువుల నుండి పుట్టిన ధర్మాల హేతువునూ, వాటి నిరోధాన్నీ తథాగతుడు తెలిపాడన్నది దాని సారం. నిరోధానికి తావున్నది విధి కాజాలదు.

అంగుత్తర నికాయం చేతననే కర్మ అన్నది. కనుక కర్మ తనంతట మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. లోభ ద్వేష మోహాలు మూలమైతే అకుశలం. అలోభ అద్వేష అమోహాలు మూలమైతే కుశలం.

చూళకమ్మవిభంగ సుత్తం రోగ దారిద్ర్యాలకు పూర్వకర్మను కారణంగా చెప్పిన మాట నిజమే. అయితే సీవక సుత్తం వేదనకు పిత్తం, శ్లేష్మం, వాతం మొదలుగా ఎనిమిది కారణాలు చెప్పి, కర్మవిపాకాన్ని వాటిలో ఒకటిగానే లెక్కించింది. రెండింటినీ కలిపి చదివినవారు రోగి ఎదుట నిలిచి ‘అంతా నీ కర్మ’ అని తీర్పు చెప్పలేరు.

మహాశివగుప్త బాలార్జునుని కాలంలో ఆనందప్రభ భిక్షువు సిర్పూర్‌లో విహారం నిర్మించి, భిక్షువులకు అన్నసత్రం ఏర్పరచినట్లు శాసనం తెలుపుతున్నది. గతాన్ని తలచి విలపించడం కాదు, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టాలన్న సంకల్పమే అక్కడ కర్మ.