ఏ తూము నీళ్లైనా

శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువలో కరీంనగర్ దిక్కు, సరస్వతి కాలువలో నిర్మల్ దిక్కు పారుతాయి. మడిలో వరికి అవి ఏ తూము దాటి వచ్చాయో తెలియనక్కర్లేదు. గుప్తీకరణ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో డేటా రాకపోకలు చూసే 'బయో' చేసే పని కూడా ఇదే. అందుకే నాకది అంత ఇష్టం.

ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్‌ల ఎస్‌ఎస్‌ఎలీ నుంచి 1998లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పుట్టింది. అందులోని బయోతో, డేటా ఫైల్‌లో ఉన్నా, నెట్‌వర్క్ సాకెట్ నుంచి వస్తున్నా, మెమరీలోనే ఉన్నా, చదవడానికీ రాయడానికీ పిలుపు ఒక్కటే. కొసల్లో ఉండేవి మూలాలు, గమ్యాలు. మధ్యలో వడపోతలు: ఒకటి గుప్తీకరిస్తుంది, ఇంకొకటి హ్యాష్ లెక్క కడుతుంది, మరొకటి బేస్64 అక్షరాలుగా మారుస్తుంది. వీటిని పూసల్లా ఒకదాని వెనుక ఒకటి గుచ్చుకోవచ్చు. సాకెట్ తీసి మెమరీ పెడితే నెట్‌వర్క్ లేకుండానే కోడ్‌ను పరీక్షించుకోవచ్చు.

బేస్64 మూడు బైట్లను నాలుగు అక్షరాలుగా చేస్తుంది. చివర్లో ఒకటో రెండో బైట్లు మిగిలితే మూడోదాని కోసం ఆగుతుంది. 'ఇక అయిపోయింది' అని ఫ్లష్ చేస్తేనే వాటిని బయటికి వదులుతుంది. ఒకసారి ఆ ఒక్క వరుస మరిచి, తోక తెగిన ఫైల్‌తో రాత్రంతా కూర్చున్నాను. తప్పు నాదే, బయో తన మాట మీదే ఉంది.

కరీంనగర్, ఆదిలాబాద్ కాలేజీల్లో కోడ్ నేర్చుకుంటున్న పిల్లలారా, ఆ సోర్సు అందరికీ తెరిచే ఉంది. 'క్రిప్టో' ఫోల్డర్‌లో 'బయో' తెరిచి చదవండి.