షరతు, తూనిక, తర్జుమా

ఇమామ్ గజాలీ (మరణం 1111) ‘అల్ ఖిస్తాసుల్ ముస్తఖీమ్’ ఒక బాతినీతో సాగిన సంభాషణగా రచించబడినది. సత్యాసత్యాలు తేల్చడానికి పొరపాటెరుగని ఇమామ్ కావాలని బాతినీల పట్టు. తూనికలు దివ్య ఖుర్ఆన్‌లోనే ఉన్నాయని గజాలీ జవాబు. ఆయన చూపిన ఐదు తూనికలలో ‘తలాజుమ్’ ఒకటి: మొదటిది ఉంటే రెండవది తప్పదు, రెండవది లేదు, కనుక మొదటిదీ లేదు. సూరా అంబియా 22వ ఆయతు ఇందుకు ఆధారం. బహుదైవాలు ఉండి ఉంటే భూమ్యాకాశాలు చెడిపోయి ఉండేవని దాని భావం. అవి చెడలేదు గనుక బహుదైవాలు లేరు.

అయితే ఈ తూనికను తిరగవేసి పట్టుకొనేవారే ఎక్కువ. ‘ముస్తస్ఫా’ పీఠికలో గజాలీ ఇచ్చిన ఉదాహరణ నమాజు చేసే ప్రతివానికీ అర్థమయ్యేది. నమాజు సరియైనదైతే ఆ మనిషి శుచిగా ఉన్నట్లే. శుచి లేదా, నమాజు లేదు. కాని శుచిగా ఉన్నాడు కాబట్టి నమాజు సరియైనదే అనడం చెల్లదు. ఖిబ్లా తప్పి ఉండవచ్చు, వేళ కాకపోయి ఉండవచ్చు. నమాజు చెడింది కాబట్టి వుజూ లేదనడమూ అంతే. ఈ రెండవ పొరపాటు ఒక మనిషి మీద నిందగా మారుతుంది.

తూనిక సరియైనదైనంత మాత్రాన పళ్లెంలోని సరుకు మంచిదని కాదు. బహుదైవాలుంటే వ్యవస్థ చెడక తప్పదా? వారు ఏకీభవించరాదా? 14వ శతాబ్దికి చెందిన తఫ్తాజానీ ‘షర్హుల్ అఖాయిద్’లో ఈ ప్రశ్ననే లేపి, ఆయతులోని సంబంధం వాడుకను బట్టి ఏర్పడినదనీ, వాదం హృదయాన్ని ఒప్పించేదే గాని కచ్చితమైన రుజువు కాదనీ అన్నారు. దీనిపై పెద్ద దుమారమే లేచింది. నిజానికి ఆయన వాద రూపాన్ని తాకలేదు; షరతు బలాన్ని మాత్రమే తూచారు. ఆయనను తప్పుపట్టదలచినవారు ఒక దైవం కదలికను, మరొక దైవం నిశ్చలతను కోరితే ఏమవుతుందన్న ‘తమానుఅ’ వాదంతో షరతునే నిలబెట్టాలి. తర్కరూపాన్ని ఎంత పొగడినా ఆ పని జరగదు.

తెలుగు తర్జుమాలో మరొక చిక్కున్నది. ఆయతులోని ‘లౌ’ సామాన్యమైన ‘ఇన్’ కాదు. రెండూ జరగలేదన్న సూచన అందులోనే ఇమిడి ఉన్నది. ‘ఉంటే చెడిపోతాయి’ అని వ్రాస్తే షరతు మిగులుతుంది, చెడలేదన్న రెండవ వాక్యం జారిపోతుంది. ‘ఉండి ఉంటే చెడిపోయి ఉండేవి’ అన్నప్పుడే తూనిక రెండు పళ్లేలూ పాఠకుని చేతికి వస్తాయి.